కిక్కురుమనని కాన్పు

పటమటలోని శ్రీనిలయం అపార్ట్‌మెంటు లిఫ్టులో ఆషాఢ మాసం మొదటి శుక్రవారం నాడు ఒక ప్రకటన వెలిసింది. "ఫ్లాటు నంబరు 402 నివాసి శ్రీమతి నాగదుర్గ గారికి హిప్నోబర్తింగ్ శిక్షణ ఎన్నో నెలలో ప్రారంభించవలెనో నిర్ణయించుటకు ఈ ఆదివారం ఉదయం పది గంటలకు సెల్లారునందు సర్వసభ్య సమావేశము జరుగును. సభ్యులు తప్పక హాజరు కాగలరు. ఉప్మా ఏర్పాటు కలదు." కింద అసోసియేషన్ అధ్యక్షుడు సంజీవరావు గారి సంతకం, ముద్ర ఉన్నాయి.

ఒక అమ్మాయి కడుపులోని బిడ్డ విషయానికి ముద్ర ఎందుకని పాఠకులు అడగరు. వారూ అపార్ట్‌మెంట్లలోనే ఉంటున్నారు. నిబంధనల ప్రకారం ఫ్లాటు ఎవరి పేరున ఉంటే వారే సభ్యులు. 402 నాగదుర్గ మామగారు ఏడుకొండలు గారి పేరున ఉంది. కనుక ఆమెకు సమావేశంలో మాట్లాడే హక్కు లేదు. అయినా విషయం ఆమెదే కదా అని పెద్దమనసు చేసుకుని, మోటారు స్విచ్చి పక్కన స్టూలు వేయించి కూర్చోనిచ్చారు.

అసలు సంగతి సెల్లారు దాకా ఎలా వచ్చిందో చెప్పాలి. నాగదుర్గ పెడనలో మగ్గం నేసే ఇంటి పిల్ల. డిగ్రీ చదివింది. చీరల షాపున్న ఏడుకొండలు గారింటికి కోడలై వచ్చి ఏడాదిన్నర అయింది. ఇప్పుడు ఐదో నెల, తొలిచూలు. ఆమెకు కాన్పంటే చెప్పలేనంత భయం. ఆమె మేనత్త పురిటి గదిలోకి వెళ్ళి తిరిగి రాలేదు. ఎందుకు రాలేదో ఎవరూ చెప్పలేదు. చిన్నప్పుడు అడిగితే "పెళ్ళికాని పిల్లవి, నీకెందుకే ఆ మాటలు" అన్నారు. ఇప్పుడు అడిగితే "కడుపుతో ఉన్నదానివి, ఆ మాటలెందుకే" అన్నారు. ఆ మాటలు అడగదగిన వయసు ఆడదాని జీవితంలో ఎక్కడుందో ఆమెకు తెలియలేదు.

అందుకని ఫోనులో వెతికింది. అక్కడ హిప్నోబర్తింగ్ అనే మాట కనిపించింది. కాన్పు ఎలా మొదలై ఎలా సాగుతుందో ముందే తెలుసుకోవడం, ఊపిరి నెమ్మదిగా తీసి వదలడం, ఒళ్ళు వదులు చేసుకోవడం, పక్కన నమ్మకమైన మనిషిని ఉంచుకోవడం, ఇంతే. ఐదారు నెలల్లో మొదలుపెడితే అలవాటవుతుందనీ, ఆలస్యమైనా కొంప మునిగేది లేదనీ, ఇది డాక్టరుకు బదులు కాదనీ రాసి ఉంది. అరవాలనిపిస్తే హాయిగా అరవవచ్చని కూడా రాసి ఉంది. నాగదుర్గ ఆ వాక్యాన్ని రెండుసార్లు చదువుకుంది. మర్నాడు పొద్దున భర్త కిరణ్‌కుమార్ షాపుకు బయల్దేరుతుంటే నెమ్మదిగా అడిగింది.

"ఏవండీ, ఇది నేర్చుకుంటే కాస్త భయం తగ్గుద్దేమోనండీ. ఎప్పుడు మొదలుపెడదాం?"

కిరణ్‌కుమార్ ఉత్తముడు. భార్య ఏదడిగినా కాదనడు. అమ్మనడిగి చెబుతాడు.

అమ్మ వెంకటరావమ్మ గారు ఫోను చేతిలోకి తీసుకుని ఒక వీడియో చూశారు. అందులో ఎవరో తెల్లావిడ నీళ్ళతొట్టిలో కూర్చుని, కళ్ళు మూసుకుని, ఒక్క కేక వెయ్యకుండా బిడ్డను కన్నది. "అరవలేదురా" అన్నారు వెంకటరావమ్మ గారు. మళ్ళీ మొదటినుంచి చూశారు. "ఒక్కసారి కూడా అరవలేదు" అన్నారు. ఊపిరి గురించీ, నమ్మకమైన మనిషి గురించీ ఆ వీడియో చెప్పిన తక్కిన సోదంతా ఆవిడకు అక్కర్లేకపోయింది.

దీనికో చరిత్ర ఉంది. ముప్ఫయి ఏళ్ళ కిందట ఉయ్యూరులో కిరణ్‌కుమార్‌ను కన్నప్పుడు వెంకటరావమ్మ గారు పెట్టిన కేకలకు చక్కెర ఫ్యాక్టరీ కూత కూడా వినపడలేదని ఆవిడ అత్తగారు చెప్పారు. ఒకరోజు చెప్పి ఊరుకోలేదు, తాను పోయేదాకా చెప్పారు. పెళ్ళిళ్ళలో చెప్పారు, పేరంటాల్లో చెప్పారు, చివరికి తన ఆపరేషనుకు వచ్చిన మత్తు డాక్టరుకు కూడా చెప్పారు. ఆ అవమానాన్ని వెంకటరావమ్మ గారు పట్టుచీరలా మడత నలగకుండా దాచుకున్నారు. ఇన్నాళ్ళకు దాన్ని కోడలి చేత కడిగించుకునే అవకాశం దొరికింది. అందుకే విషయం ఇంట్లో తేలేది కాదని సంజీవరావు గారికి ఫోను చేశారు.

బెజవాడలో ఏది నేర్చుకోవాలన్నా కోచింగు ఉండాలి, కోచింగు ఉండాలంటే సారుండాలి. దుర్గాశంకర్ సారు దొరికారు. ఈయన గుణదలలో ఒక మేడ మీద గది తీసుకుని ఇంటర్ పిల్లలకు జ్ఞాపకశక్తి పెంచుతూ ఉండేవారు. పరీక్ష తేదీ ఆయనే మర్చిపోవడంతో ఆ సంస్థ మూతపడింది. ఆపై నిరుద్యోగులకు వ్యక్తిత్వ వికాసం, ఆపై షుగరు రోగులకు సంకల్పబలం బోధించి, ఇప్పుడు గర్భిణుల సేవకు అంకితమయ్యారు. కాన్పు విషయంలో ఆయన అనుభవం తక్కువది కాదు. సొంత భార్య ప్రసవించిన సమయంలో ఆయన హైదరాబాదులో ఉండి, కుటుంబ బాధ్యతల మీద రెండు గంటలు అనర్గళంగా ప్రసంగించారు.

ఆదివారం సమావేశం సంజీవరావు గారి అధ్యక్షోపన్యాసంతో మొదలైంది. ఆయన రెవెన్యూలో పనిచేసి రిటైరయ్యారు. గొంతు మాత్రం ఇంకా సర్వీసులోనే ఉంది.

"సభ్యులారా, గర్భము అనునది వ్యక్తిగత విషయమని కొందరు అపోహ పడుచున్నారు. మన లిఫ్టు ఎక్కి దిగే ప్రతి గర్భమూ మన అసోసియేషన్ గర్భమే. కోడలి గొంతు గుమ్మం దాటినచో కుటుంబ గౌరవము దాటును. కుటుంబ గౌరవము దాటినచో ఫ్లాటు రేటు పడిపోవును. కావున ఈ శిక్షణ ఏ నెలలో ప్రారంభించవలెనో సభ నిర్ణయించవలసినదిగా కోరుచున్నాను."

సభ నిర్ణయించడానికి కూర్చుంది. మూడో నెలలో మొదలుపెట్టి ఉండాల్సిందని ఒకరన్నారు. మూడో నెలలో బయటపెడితే దిష్టి తగులుతుందని ఇంకొకరన్నారు. నాలుగోది సరి నెల, పనికిరాదు. ఐదోది ఆషాఢంలో పడింది, ఆషాఢంలో ఏ మంచిపనీ మొదలుపెట్టరు. ఎనిమిదో నెలలో గుమ్మం దాటకూడదు. తొమ్మిదో నెలలో మొదలుపెడితే సారు పాఠం చెప్పేలోపు బిడ్డే లేచి సమాధానం చెబుతుంది. దుర్గాశంకర్ సారు మాత్రం ఏ నెల పేరు వినపడినా "ఇప్పటికే ఆలస్యం చేశారండీ" అని జాలిగా తల ఊపారు. రెండో అంతస్తులో కొత్తగా పెళ్ళైన అమ్మాయితోనూ అదే అన్నారు. ఉప్మా గరిటతో పక్కనే నిలబడ్డ అరవై రెండేళ్ళ సంజీవరావు గారి భార్యతోనూ అదే అని, తర్వాత నాలిక కరుచుకున్నారు.

చివరికి, ఆరోదీ సరి నెలే అయినా శ్రావణం వస్తే ఆ దోషం పోతుందని, శ్రావణ మాసం రెండో సోమవారం మొదలుపెట్టాలని తీర్మానించారు. అనుకూలంగా ఉన్నవారు చేతులెత్తమన్నారు. పదిహేను మంది మగవాళ్ళు చేతులెత్తారు. అదే సమయానికి నాగదుర్గ కూడా చెయ్యెత్తింది. ఆమెకు ఒక సందేహం ఉంది.

"సార్, నొప్పులు ఎలా మొదలవుతాయండీ? మొదలైనట్టు మనకెలా తెలుస్తదండీ?"

దుర్గాశంకర్ సారు చెవులు మూసుకున్నారు. "అమ్మా, మన సంస్థలో ఆ మాట నిషేధం. నొప్పి అనేది లేదు. ఉన్నది అనుభూతి. ఇకనుంచి మీరు అనుభూతి అనే అనాలి" అన్నారు. ఆమె ఎత్తిన చెయ్యిని కూడా మద్దతు కింద లెక్కవేసి, తీర్మానం పదహారు ఓట్లతో ఏకగ్రీవంగా నెగ్గిందని సంజీవరావు గారు మినిట్స్ పుస్తకంలో రాసుకున్నారు. నాగదుర్గ చెయ్యి దించుకుంది. ఆమె ప్రశ్న ఆ పుస్తకంలో ఎక్కడా లేదు.

శ్రావణంలో శిక్షణ మొదలైంది. సారు అద్దెకు తీసుకున్న హాల్లో పదకొండు మంది గర్భిణులు చాపల మీద కూర్చుంటే, వెనక కుర్చీల్లో పదకొండు మంది అత్తగార్లు ఇన్విజిలేటర్లుగా కూర్చునేవారు. రొయ్యల లారీలకు ఐసు సరఫరా చేసే చోటునుంచి ఐసు గడ్డలు తెప్పించి, ఒక్కొక్కరి గుప్పిట్లో ఒకటి పెట్టి, గుప్పిలి మూయించేవారు. మొదటి వారం ఒక నిమిషం, రెండో వారం రెండు నిమిషాలు. ఎవరి దగ్గర ఎంత చప్పుడు వచ్చిందో ఫోనులో ఒక యాప్ కొలిచేది. మూలుగుకు మూడు మార్కులు కోత, 'అమ్మా' అంటే ఐదు. ఆదివారం సాయంత్రానికి ర్యాంకులు వాట్సాప్ గ్రూపులోకి వచ్చేవి. ఆఖరి ర్యాంకు వచ్చిన అమ్మాయి అత్తగారు సోమవారం కూరగాయల బండి దగ్గరికి కూడా దిగేవారు కారు.

వరుసగా ఐదు వారాలు నాగదుర్గకే మొదటి ర్యాంకు వచ్చింది. ఆమె గుప్పిట్లోంచి నీళ్ళు కారేవి, వేళ్ళు నీలంగా మారేవి, ముఖం మాత్రం పూజలో కూర్చున్నట్టు ఉండేది. యాప్ ఒకసారి ఆమె దగ్గర ఏ మనిషీ లేడని చూపించింది. సారు దాన్ని ఫ్రేము కట్టించారు. తనకిది ఎందుకింత తేలిగ్గా వస్తోందా అని నాగదుర్గే ఆశ్చర్యపోయింది. ఆమె నేర్చుకోవాలనుకున్న ఊపిరి పాఠం మాత్రం అక్కడ ఎవరూ చెప్పలేదు. దాన్ని ఆమె డాబా మీద బట్టలు ఆరేసేటప్పుడు, ఫోను నీళ్ళ ట్యాంకు మీద పెట్టుకుని, తనకు తానే నేర్చుకుంది. అలా ఊపిరి తీసి వదిలిన పది నిమిషాలూ ఆమెకు నిజంగానే భయం తగ్గేది. ఆ మాట చెప్పుకోవడానికి గ్రూపులో చోటు లేదు.

భర్తలకూ ఒక పాఠం ఉంది. ప్రతి పది నిమిషాలకూ భార్య చెవిలో "నువ్వు విచ్చుకుంటున్న పువ్వువి" అనాలి. కిరణ్‌కుమార్‌కు మాట గుర్తుండేది కాదు. సారు పూర్వాశ్రమంలో జ్ఞాపకశక్తి గురువే అయినా ఏమీ చెయ్యలేక, ఫోనులో అలారం పెట్టుకోమన్నారు.

ఏడో నెల వచ్చింది, శ్రీమంతం పెట్టారు. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలన్నది ఆచారం. నాగదుర్గ తల్లి మల్లీశ్వరి చలిమిడీ, చీరా, గాజులూ పట్టుకుని పెడన బస్సు దిగింది. కూతురు తల్లిని చూడగానే చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ పట్టు చూసి మల్లీశ్వరి వియ్యపురాలితో మెల్లిగా అంది.

"వదినగారూ, పిల్లని తీసుకెళ్తాం. భయపడతంది. నా దగ్గరుంటే కాస్త ధైర్యంగా ఉంటది."

"ఎట్టా తీసుకెళ్తారు వదినగారూ, సిలబస్ సగమే అయింది" అన్నారు వెంకటరావమ్మ గారు. "అక్కడ మీ ఇంటి మగ్గాల చప్పుట్లో పిల్ల ఏకాగ్రతంతా పోద్ది. గ్రాండ్ టెస్టులు కూడా ఉన్నాయి. మీరు దిగులు పెట్టుకోకండి, కాన్పు టయానికి ఫోను చేస్తాంగా."

మల్లీశ్వరి తెచ్చిన చలిమిడి వియ్యపురాలి చేతిలో పెట్టింది. ఆడపిల్ల తల్లి ఎన్ని మాటలనాలో ఆమెకు ఎవరూ నేర్పనక్కర్లేదు. శ్రీమంతంలో ఆమె తెచ్చిన గాజుల వల్ల చప్పుడవుతుందని సారు అభ్యంతరం చెప్పడంతో, గాజులు చూపించి ఫొటో తీసి మళ్ళీ పెట్టెలో పెట్టేశారు. సాయంత్రం బస్సుకు మల్లీశ్వరి ఒక్కతే వెళ్ళిపోయింది.

మార్గశిరంలో ఒక గురువారం ఉదయం ఆరింటికి నాగదుర్గకు నడుములో పట్టుకుంది. వదిలింది. మళ్ళీ పట్టుకుంది. వంటింట్లోకి వచ్చి గోడ పట్టుకుని నిలబడి, "అత్తయ్యగారూ, అనుభూతి కలుగుతోందండీ" అంది.

వెంకటరావమ్మ గారు పెసరట్టు తిరగేస్తూ కోడలి ముఖం చూశారు. చెమట లేదు, కేక లేదు. "అనుభూతి అయితే కంగారేముంది, టిఫిను తిను" అన్నారు.

తొమ్మిదింటికి నాగదుర్గ నిషేధాజ్ఞను ఉల్లంఘించి, "నొప్పులేనండీ" అంది. అయితే మెల్లగానే అంది. ఐదు వారాల మొదటి ర్యాంకు గొంతు అంత తొందరగా పెరగదు. పన్నెండింటికి, నిలబడలేకపోతోందని ఏడుకొండలు గారు గమనించాక, కారు తీశారు. కిరణ్‌కుమార్‌ను షాపునుంచి పిలిపించారు. బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో అరగంట ఆగారు. నాగదుర్గ డాబా మీద నేర్చుకున్న ఊపిరిని లెక్కపెట్టుకుంటూ కళ్ళు మూసుకుని కూర్చుంది. ఆ అరగంట ఆమెను కాపాడింది ఆ ఊపిరే. "పెళ్ళి చూపుల్లో కూడా ఇంత నెమ్మదిగా లేదు" అని వెంకటరావమ్మ గారు ముందు సీట్లోంచి మురిసిపోయారు.

ఆసుపత్రిలో కౌంటరు అమ్మాయి కాగితాల్లోంచి తలెత్తి, నొప్పులు ఎప్పట్నుంచని అడిగింది.

"పొద్దున ఆరింటి నుంచండీ" అంది నాగదుర్గ, అలవాటు కొద్దీ చిరునవ్వుతో.

"నవ్వుతున్నారుగా మేడం. ఇవి దొంగ నొప్పులు. అక్కడ కూర్చోండి, డాక్టరుగారు థియేటర్లో ఉన్నారు."

ఆ ఆసుపత్రిలో పద్ధతి చాలా సులువైనది. ఎవరు ఎక్కువ అరిస్తే వారికి ముందు మంచం. కంకిపాడు వైపు నుంచి వచ్చిన ఒకామె గుమ్మంలోనే ఆసుపత్రినీ, మొగుణ్ణీ, మొగుడి వంశాన్నీ కలిపి తిట్టింది. ఆమెకు రెండు నిమిషాల్లో చక్రాల కుర్చీ వచ్చింది. వెంకటరావమ్మ గారు ముక్కు మీద వేలేసుకుని, "శిక్షణ లేని మనుషులు" అన్నారు. ఆ తర్వాత మరో ఇద్దరు అరుస్తూ వచ్చి లోపలికి వెళ్ళారు. నాగదుర్గ బల్ల మీద బుద్ధిగా కూర్చుని ఉంది. ఆమె పక్కన కిరణ్‌కుమార్ ఫోను పది నిమిషాలకోసారి మోగుతోంది. "నువ్వు విచ్చుకుంటున్న పువ్వువి" అని అతను చదువుతున్నాడు.

రెండింటికి వెంకటరావమ్మ గారు ఫోను ఎత్తి పట్టుకుని వీడియో మొదలుపెట్టారు. అటువైపు దుర్గాశంకర్ సారు, గ్రూపులోని తక్కిన పదిమంది అత్తగార్లు, సంజీవరావు గారు ప్రత్యక్షంగా తిలకిస్తున్నారు. "చూడండి, ఎనిమిది గంటలైంది. కిక్కురుమనలేదు" అన్నారావిడ. సంజీవరావు గారు అసోసియేషన్ తరఫున అభినందనలు తెలియజేశారు. అప్పుడే నాగదుర్గ కాళ్ళ కింద నీళ్ళు పడ్డాయి. అటుగా వెళుతున్న ఆయా "ఎవరమ్మా నీళ్ళొలకబోసింది, ఇప్పుడే తుడిచాను" అని కసిరింది. వెంకటరావమ్మ గారు కోడలి తరఫున క్షమాపణ చెప్పి, కెమెరా కొంచెం పైకి తిప్పారు.

నాగదుర్గ కిందికి చూసింది. నీళ్ళు తెల్లగా లేవు. ఆకుపచ్చగా ఉన్నాయి. అలా ఉంటే లోపల బిడ్డకు ఆపద అని ఆమె డాబా మీద చదివింది. "అత్తయ్యగారూ, రంగు చూడండి" అంది. ఆవిడకు వినపడలేదు. "ఏవండీ" అంది. అతని అలారం మోగుతోంది. "సిస్టర్" అంది, ఆ మాట పెదవుల దగ్గరే ఆగిపోయింది. బిడ్డ కదలడం లేదు. పొద్దుటినుంచి తన్నిన బిడ్డ ఇప్పుడు కదలడం లేదు. తన మేనత్త కూడా ఇలాగే ఎవరికీ వినపడకుండా చచ్చిపోయి ఉంటుందని ఆమెకు ఆ క్షణాన అర్థమైంది.

అప్పుడు నాగదుర్గ అరిచింది.

"నా బిడ్డ చచ్చిపోద్ది! ఎవరన్నా రండి!"

ఆ కేకకు కౌంటరు అమ్మాయి చేతిలో కాగితాలు కింద పడ్డాయి, కిరణ్‌కుమార్ గోడకు అతుక్కుపోయాడు, బందరు రోడ్డు మీద వెళ్ళే ఆటోవాడు బ్రేకు వేసి లోపలికి తొంగిచూశాడు. వెంకటరావమ్మ గారికి మాత్రం ఆ కేక కొత్తగా అనిపించలేదు. ముప్ఫయి ఏళ్ళుగా తెలిసిన కేకే అది, తన గొంతులోంచే వచ్చినట్టుంది. ఒక్క క్షణం ఆవిడ చెయ్యి కోడలి భుజం మీదికి వెళ్ళబోయింది. అంతలో ఫోను గుర్తొచ్చి, ఎవరెవరు విన్నారోనని అందులోకి చూశారు.

లోపలినుంచి నర్సు గుల్షన్ పరుగెత్తుకొచ్చింది. కింద నీళ్ళు చూసింది, కడుపు మీద చెయ్యి పెట్టింది, ఇంకెవర్నీ ఏమీ అడగకుండా స్ట్రెచరు తానే లాక్కొచ్చింది. ఇరవై నిమిషాల్లో ఆపరేషను చేసి ఆడపిల్లను తీశారు. పిల్ల పుట్టగానే ఏడవలేదు. గుల్షన్ వీపు రుద్ది, గొంతు శుభ్రం చేసి, అరికాళ్ళు తట్టగా తట్టగా, చివరికి ఏడ్చింది. నాలుగు రోజులు అద్దాల పెట్టెలో పెట్టారు.

ఆ సాయంత్రం గుల్షన్ నాగదుర్గ మంచం దగ్గరికి వచ్చి దుప్పటి సర్దుతూ అడిగింది. "ఇంతసేపు నోరెందుకు మూసుకున్నావమ్మా? ఇంకో పావుగంట అట్టాగే కూర్చుంటే పిల్ల దక్కేది కాదు. అరిస్తే ఎవరైనా కొడతారా?"

 ఆ ప్రశ్నను నాగదుర్గ పిల్లతోపాటు ఇంటికి తెచ్చుకుంది.

ఇటు శ్రీనిలయంలో కేక మీద విచారణ జరిగింది. సంజీవరావు గారి ఏకసభ్య కమిటీ ఇంకా నివేదిక రాస్తూ ఉండగానే దుర్గాశంకర్ సారు కారణం కనిపెట్టేశారు. శిక్షణ ఆలస్యంగా మొదలుపెట్టడమే లోపమట. అయినా ఎనిమిది గంటల నిశ్శబ్దం మామూలు విజయం కాదన్నారు. వీడియోలో కేక ఉన్నచోట శబ్దం తీసేసి వీణ నాదం పెట్టారు. ఇప్పుడందులో నాగదుర్గ నోరు బాగా తెరిచి, కళ్ళు పెద్దవి చేసి, వీణకు తగ్గట్టుగా ఏదో రాగం ఆలపిస్తున్నట్టు కనిపిస్తుంది. చూసినవాళ్ళందరూ ఎంత తన్మయత్వమో అన్నారు. పటమట సెంటర్లో ఆమె బొమ్మతో ఫ్లెక్సీ కట్టారు. దాని మీద 'కిక్కురుమనని కాన్పు - స్టేట్ ఫస్ట్' అని రాయించారు. తక్కిన రాష్ట్రంలో ఎవరూ పరీక్ష రాయలేదన్న చిన్న విషయం అందులో పట్టలేదు.

బారసాల అయిన మర్నాడు హాల్లో సన్మానం. కొత్త బ్యాచీ గర్భిణులు, వాళ్ళ అత్తగార్లు, తల్లులు మూడువందల మంది వచ్చారు. పెడన నుంచి మల్లీశ్వరి కూడా వచ్చి వెనక వరుసలో కూర్చుంది. వెంకటరావమ్మ గారికి శాలువా, నాగదుర్గకు పూలగుత్తి ఇచ్చారు. సారు పావుగంట ప్రసంగించి, సందేహాలుంటే విజేతనే అడగమన్నారు. మొదటి వరుసలో ఒకమ్మాయి పుస్తకం తెరిచి, పెన్ను పట్టుకుని లేచింది.

"మేడం, మీరు ఎన్నో నెలలో మొదలుపెట్టారండీ?"

"ఆరో నెలలో" అన్నారు వెంకటరావమ్మ గారు మైకు అందుకుని.

నాగదుర్గ అత్తగారి చేతిలోంచి మైకు తీసుకుంది. 

"కాదండీ. నేను ఐదో ఏట మొదలుపెట్టాను. మా బాబాయి పెళ్ళిలో కాలు కాలి ఏడిచాను. నలుగురిలో ఆ గోలేంటని మా అమ్మ తొడపాశం పెట్టింది. ఏడుపు మానేదాకా వదల్లేదు. తప్పు మా అమ్మది కాదులెండి, ఆవిడకి వాళ్ళమ్మ పెట్టింది. అప్పట్నుంచీ నేను మళ్ళీ గట్టిగా అరిచింది ఆసుపత్రిలోనే. ఆ వీణ కింద ఉన్నది నా కేకేనండీ. అది లేకపోతే ఈ పిల్ల లేదు."

వెనక వరుసలో మల్లీశ్వరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వేదిక మీద నాగదుర్గ ఒళ్ళో పిల్ల నిద్రలేచి, గుక్కపట్టి ఏడవడం మొదలుపెట్టింది. వెంకటరావమ్మ గారు గబగబా పిల్ల నోటి దగ్గరికి చెయ్యి తీసుకెళ్ళి, "ఊరుకో తల్లీ, నలుగురూ ఉన్నారు" అన్నారు.

"ఉండనివ్వండి అత్తయ్యగారూ. ఏడవనివ్వండి" అంది నాగదుర్గ. పూలగుత్తి కుర్చీలో పెట్టి, ఏడుస్తున్న పిల్లను భుజాన వేసుకుని, మెట్లు దిగి, తల్లిని చెయ్యి పట్టి లేపి, ఆమెతో కలిసి బయటికి నడిచింది. పెడన బస్సు ఎక్కేదాకా పిల్ల ఏడుస్తూనే ఉందనీ, నాగదుర్గ ఊరుకోమనలేదనీ చూసినవాళ్ళు చెప్పారు.

హాల్లో మొదటి వరుస అమ్మాయి పుస్తకంలో 'ఐదో ఏట' అని రాసుకుని కింద రెండు గీతలు గీసింది. పక్కావిడ ఆమెది చూసి రాసుకుంది. దుర్గాశంకర్ సారు మనిషి సూక్ష్మగ్రాహి. మరుసటి వారమే ఐదేళ్ళ ఆడపిల్లలకు ఫౌండేషన్ బ్యాచీ ప్రకటించారు. మూడు రోజుల్లో నలభై సీట్లూ నిండాయి. ఇంకో అరవైమంది తల్లిదండ్రులు ఎమ్మెల్యే గారి సిఫారసు ఉత్తరాలు పట్టుకుని వచ్చారు.

ఆదివారం ప్రవేశ పరీక్ష పెట్టారు. నలభై మంది ఆడపిల్లలు జడలు వేసుకుని, పౌడరు రాసుకుని వరుసగా కూర్చున్నారు. సారు ఈల వేయగానే ఎవరి పిల్లకు వాళ్ళమ్మ తొడపాశం పెట్టాలి. ఈల మోగింది. సారు హాలు ఈ చివరినుంచి ఆ చివరిదాకా రెండుసార్లు నడిచారు. ఒక్క పిల్లా నోరు తెరవలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగిన పిల్లలు కూడా తల్లుల ముఖం చూసి, నలుగురిలో బాగుండదని, నవ్వారు. సారు ఈల జేబులో పెట్టుకున్నారు. ఆయన వృత్తి జీవితంలో మొదటిసారి ఒక నిజం చెప్పారు. "వీళ్ళకు నేను కొత్తగా నేర్పేదేమీ లేదమ్మా, అంతా ఇంట్లోనే నేర్చుకుని వచ్చారు" అన్నారు. నలభై మందికీ అక్కడికక్కడే సర్టిఫికెట్లు ఇచ్చి పంపేశారు.

ఆ రోజు తీసిన గ్రూపు ఫొటో మీ ఫోనుకూ వచ్చింది. పిల్లలెంత బుద్ధిగా ఉన్నారో అని, కింద చప్పట్ల బొమ్మ పెట్టింది మీరే.